నేనే నువ్వైతే

సంతపేటలో టైలరు కొట్టు పైన
రేకుల గదిలో మేం ఏడుగురం.
కింద కుట్టుమిషను చప్పుడు,
పైన హంసవేణి టీచరు గొంతు:
"ఈ రోజు పాఠం, సలహా అడగడం, సలహా ఇవ్వడం."

అందరం నవ్వినాం.
చిత్తూరోళ్ళకి ఇది ఇంకొకరు నేర్పాలా?
తుమ్మితే ఏ కషాయమో, బోరుకి పాయింటు యాడో,
టీ గ్లాసు కింద పెట్టేలోగా నలుగురు చెప్తారు.
అడగడమే రాదు మాకు.

"కే మె అకొన్సేహస్?" పలకమనింది.
నాకేం సలహా ఇస్తావు?
నాలుక కింద గులకరాయి పెట్టుకున్నట్టు
ఏడు నోళ్ళతో పలికినాం.

"దెస్కాన్సస్" అంటే, నువ్వు అలుపు తీర్చుకుంటున్నావు.
తీర్చుకోమని నేను చెప్తే మాత్రం "దెస్కాన్సెస్".
ఒక్క అచ్చు మారింది.
"ఎందుకు మేడం?" అన్నాడు లారీ బ్రోకరు మొగిలప్ప.
"అది ఇంకా జరగలేదు కదప్పా.
జరిగేదీ మానేదీ ఎదుటి మనిషి చేతిలో ఉంది.
అందుకే క్రియ కొంచెం తల వంచుతుంది."
అది నేను నోట్సులో రాసుకోలేదు.
రాసుకోకుండానే ఉండిపోయింది.

ఆ తర్వాత "యో కె తూ".
నేనే నువ్వైతే.
తూ అంటే నువ్వంట!
మా ఊళ్ళో తూ అంటే ఉమ్మేది.
టీచరే నవ్వాపుకోలేక సుద్దముక్క జారవిడిచింది.

జంటలుగా కూర్చోమనింది.
ఒకరు కష్టం చెప్పాల, ఒకరు సలహా.
పుస్తకంలో ఉండేవి తలనొప్పి, పోయిన గొడుగు,
నిద్ర పట్టని రాత్రి.
నా జంట పెద్దాసుపత్రి నర్సు దొరసానమ్మ,
రాత్రి డ్యూటీకి పోతా పోతా వస్తుంది,
ఒళ్ళో టిఫిను క్యారియరు.

తలనొప్పి అనబోయి ఇది అనేసినాను:
"లా మాకినా దీసె ఉన్ నూమెరొ.
మి హేఫె దీసె ఒత్రొ.
యో ఎస్క్రీబొ."
మిషను ఒక అంకె చెబుతుంది.
మా సారు ఇంకోటి చెబుతాడు.
నేను రాస్తాను.

తోతాపురి గుజ్జు, తీపి పదమూడు.
ఓడెక్కే డ్రమ్ము మీద, నా సంతకంతో, పదిహేను.
తెలుగులో అయితే దీనికి ఎన్ని చొక్కాలు తొడిగేవాణ్ణో!
సీజను అట్లుంది, అందరూ చేసేదే,
పిల్లోళ్ళ ఫీజులు, సారు మంచోడే పాపం.
కొన్నోళ్ళ ఉత్తరాలు చదివితే నెలకు రెండువేలు ఎక్కువిస్తామంటే
నేను కూడబెట్టిన మాటలు రెండొందలు.
వాటిలో 'పాపం' లేదు, 'ఏదోలే' లేదు.
నా కష్టం గోచీతో నిలబడింది.

దొరసానమ్మ పుస్తకం మూసి నన్ను చూసింది.
"యో కె తూ..." అనింది.
ఆగింది.
ఆ పైన రావాల్సిన క్రియ వచ్చే వారం పాఠం.
టీచరు వైపు తిరగలేదు, తెలుగులోకీ దిగలేదు.
"యో కె తూ..." మళ్ళీ అనింది మెల్లగా,
జ్వరం చూసే చెయ్యి అట్ట మీద ఆనించి.
కరెంటు పోయింది. కింద మిషను ఆగింది.

ఇంటికి నడిచి పోతా వంతెన మీద నిలబడినాను.
కింద మా ఏరు. నీళ్ళు చారెడు, మిగతాదంతా చెత్త.
పుట్టినప్పటి నుంచీ ఆ పేరు పలుకుతానే ఉండాను,
అదొక ప్రశ్న అని ఇన్నాళ్ళూ చెవికెక్కలేదు.
నీవా.

పొద్దున షిఫ్టు. పదకొండో నంబరు డ్రమ్ము.
అద్దం మీద చుక్క గుజ్జు వేసి
కిటికీ వెలుతురుకి ఎత్తి చూసినాను.
పదమూడు.
పెన్ను మూత తీసినాను.
వెనకనుంచి సారు, "రాసేసినావా?"
"రాస్తా ఉండా సార్."

పదమూడుకైనా పదిహేనుకైనా
ముందు ఒకటే.
అది వేసినాను.