నాలుగువందల పన్నెండో పేజీ

స్ట్రామ్‌నెస్ రేవులో మూడింటికే చీకటి పడ్డ పూట
మెరన్ ఫ్లెట్ రాజును చంపేసింది.
యుద్ధంలో కాదు, ఓట్స్ జావ తాగుతుండగా.
చెంచా ఇంకా గిన్నెలోనే ఉంది.

మూడు సంపుటాలు భుజాన మోసిన మనిషి.
పొయ్యి మీది కెటిల్ సంగతే మరిచిపోయిందామె,
నీళ్లన్నీ ఇగిరి
ఇల్లంతా అడుగు మాడిన వాసన.

తెల్లారి, ఫెర్రీకి తాళ్లు కట్టే సిగర్డ్ లింక్‌లేటర్
రాతప్రతి చంకలో పెట్టుకొచ్చి తలుపు బాదాడు.
"ఆయన మాట ఇంకా సగంలోనే ఉంది కదమ్మా,
కనీసం వాక్యమైనా పూర్తి చేయనివ్వాల్సింది!"

ఆమె కెటిల్ తోముతూనే ఉంది.

కాసేపటికి అతనే, కిటికీలోంచి నీళ్లవైపు చూస్తూ:
మా తమ్ముడూ అంతే.
పీతల బుట్టలు ఎత్తడానికి వెళ్తూ
సాయంత్రం వచ్చాక చెప్తా అన్నాడు.
ఏం చెప్పేవాడో
పదకొండేళ్లుగా వెతుక్కుంటున్నా.

"చావు మీద కాదు నా కోపం.
విషం కలిపిన ఆ వంటవాడున్నాడే,
రాజు తగలబెట్టించిన ఊళ్లోనే
వాడి కూతురు కాలిపోయిందని
ఇరవై పేజీల ముందే చెప్పేశావు.
నేను తల ఊపాను.
రాత్రంతా
ఆ చెంచా నేనే అందించినట్టుంది."

మెరన్ చేతులు తుడుచుకుంది.
రాజుకి ఆ ఊరి పేరైనా గుర్తులేదు, అంది.
నాకూ లేదు. వెనక్కి తిప్పి చూసుకున్నా.

బయట ఫెర్రీ కూత.
గుమ్మంలో ఆగాడు:
"వంటవాణ్ణి ఉరితీయిస్తావా?"

"తెలీదు.
వాడింకా గిన్నె కడుగుతున్నాడు."