రంపం పనికిరాని చోట

మెస్తియా పైన, హత్స్వాలి లిఫ్టు కింద
నా దుకాణం ఒకప్పుడు ట్రాక్టరు షెడ్డు.
డీజిలు వాసన ఇంకా పోలేదు.
గోడకి ఇరవై ఏడు స్నోబోర్డులు ఆనించాను,
పొట్టివి కిటికీ వైపు, పొడుగువి పొయ్యి వైపు.
మూలన బంగాళాదుంపలు తూచే కాటా.

పొద్దున్నే గెరాసిమె వచ్చాడు.
చంకలో రంపం,
భుజాన పెద్దకొడుకు పాత బోర్డు,
వెనక కూతురు తెక్లె
అన్న కోటులో మోకాళ్ల దాకా మునిగి.

"త్సియూరీ, దీన్ని ఓ జానెడు కోసిపెట్టు" అన్నాడు,
తలుపు అడుగు కోయమన్నంత తేలిగ్గా.

నేను నవ్వలేదు.
వాళ్లింట్లో అన్నీ అలాగే దిగుతాయి.
స్వెట్టరు విప్పి మళ్లీ అల్లుతారు,
చేతులు మడిచి కుడతారు,
బూటు కొసన గుడ్డలు కూరతారు.
పెద్దవాడి నుంచి నడిపివాడికి, వాడి నుంచి ఈ పిల్లకి
వచ్చేసరికి నీలం కూడా బూడిద రంగవుతుంది.

బోర్డు బోర్లించి చూపించాను.
ఇదిగో, చుట్టూ ఉక్కు అంచు,
ఎక్కడ కోసినా ఇది తెగుతుంది.
లోపలున్నది చెక్క,
నీళ్లు తాగి మార్చికల్లా అట్టలా విచ్చుకుంటుంది.
ఎద్దు పెద్దదైందని
తోక వైపు ఓ జానెడు కోసుకుంటావా, గెరాసిమె?

రంపం బల్ల మీద పెట్టాడు.

"బరువెంత?" తెక్లెని అడిగాను.
"నలభై ఐదు." నేల చూపులు.
కాటా ఎక్కించాను.
ముల్లు వణికి వణికి ముప్పై ఎనిమిది దగ్గర ఆగింది.
నా దగ్గరకొచ్చే మగాళ్లందరూ పది కిలోలు మింగేసి చెబుతారు.
ఈ పిల్ల ఏడు కలిపి చెప్పింది,
అన్న బోర్డుకి సరిపోతాననిపించుకోవాలని.

మంచుకి మాటలు వినబడవమ్మా,
దానికి తెలిసింది బరువొక్కటే.
తేలిక మనిషి ఎక్కితే పొడుగు బోర్డు వంగదు,
వంగనిది తిరగదు,
తిరగనిది తిన్నగా ఫర్ చెట్లలోకి పోతుంది.
మరీ పొట్టిదైతే
మెత్తటి మంచులో ముక్కు దిగేసి
నిన్ను తలకిందులుగా దుంపలా నాటుతుంది.
ఇక పాదం. దాన్నెప్పుడూ మరిచిపోతారు.
బూటు కొస బోర్డు దాటి వేలెడు బయటికొచ్చిందా,
మలుపులో మంచుని గీరుకుంటుంది, అంతే,
ఆకాశం ఎటుందో వెతుక్కోవాలి.
నేను మా మరిది బోర్డు మీద నేర్చుకున్నాను.
నా ఎడమ మోకాలు ఇంకా ఆ బాకీ తీరుస్తోంది.

నూట ఇరవై ఐదు తీశాను, పెట్టేశాను.
నూట నలభై, గెరాసిమె ఆశగా చూశాడు, పెట్టేశాను.
నూట ముప్పై రెండు.
పసుప్పచ్చది, ఒళ్లంతా గీతలు,
ఎవరో అంటించిన నక్క బొమ్మ సగం ఊడిపోయి.
పక్కన నిలబెడితే కొన
గడ్డానికీ కింది పెదవికీ మధ్య ఆగింది.

"ఇది ఎవరిది?" అంది తెక్లె.
ఏ వస్తువు చేతికిచ్చినా ముందు అదే అడుగుతుంది కాబోలు.
"ముప్పై ఎనిమిది కిలోలది."
కాసేపు ఆలోచించి,
కోటు చేతులోంచి వేళ్లు బయటికి తీసి
బోర్డు అంచు పట్టుకుంది.

"ఏడాదిలో ఎదిగిపోతుంది కదా,
పెద్దదైతే రెండేళ్లొస్తుంది" గెరాసిమె గొణిగాడు.
"వస్తుంది. రెండేళ్లూ పడుతూనే ఉంటుంది."

అన్న బోర్డు మార్పిడికి నేనే ఉంచుకున్నాను.
మధ్యాహ్నం కుతైసీ పళ్ల డాక్టరొచ్చి
డెబ్బై ఐదన్నాడు.
కాటా వైపు చెయ్యి చూపించాను. ఎక్కలేదు.
కళ్లతోనే తూచి ఎనభై ఎనిమిదికి
దాన్నే ఇచ్చి పంపాను.

తలుపు దగ్గర నిలబడి చూశాను.
పసుప్పచ్చ చుక్క పడింది. లేచింది. పడింది.
చాలాసేపు అక్కడే కూచుంది, అలిగినట్టు.
తర్వాత ఎవరూ నెట్టకుండానే కదిలి
ఎడమకి తిరిగింది,
కోటు చేతులు రెండూ రెక్కల్లా కొట్టుకుంటూ.
కుడికి ఇంకా రాలేదు.

గెరాసిమె రంపం మరిచిపోయాడు.
తడికి ఉబ్బి నేలకి రాసుకుంటున్న నా తలుపు
అడుగున ఆ రాత్రే
ఓ వేలెడు కోశాను.