తీగ వంచే చేతులు

జలపాతం పైన ఒక చేప, కింద ఒక చేప.
జాతి ఒకటే.
మా అరీమా పిల్లలు వీటిని మిలియన్లు అంటారు,
లెక్కపెట్టడం చేతగాక.
నాకు జీతమిచ్చేదే లెక్కపెట్టినందుకు.

తెల్లారేసరికి రబ్బరు బూట్లు, చేతివల,
ఉప్పుచేప కూరిన రొట్టె ఒక పొట్లం.
వెదురు నీడలో మోకాలిలోతు నిలబడి
చిటికెనవేలి గోరంత మగవాణ్ణి పట్టి
తెల్లపళ్లెంలోకి ఒంపుతాను.
నారింజ మచ్చలు మూడు.
తోక మొదట్లో నల్ల చుక్క.
పక్కన తడి రేకులాంటి నీలం,
పేరు పెట్టేలోపే పచ్చగా తిరుగుతుంది.
రాసుకుని వదిలేస్తాను.

కింది మడుగులో పొడుగుమూతి వేటచేప కాపురం.
అక్కడి మగవాళ్లు
చావింటికి బయల్దేరినట్టుంటారు, బూడిదరంగు చొక్కాల్లో.
అది ఎక్కలేని రాతి మీదుగా పైకి వెళ్తే
ఏడాదంతా కార్నివాలే.

ఆడది మాత్రం తీరిగ్గా చూస్తుంది.
నిన్నటి వేషం ఇవాళ కంటికి ఆనదు.
మడుగులో ఎవడికీ లేని మచ్చతో ఒకడొస్తే
అటు తిరుగుతుంది.
అందుకే ఏ ఇద్దరూ ఒకేలా ఉండరట.
అట అన్నది షెరీసా, ల్యాబ్ పిల్ల.

"మచ్చ ఎక్కడుండాలో తండ్రి చెబుతాడు," అంది ఒకరోజు,
"వై క్రోమోజోమ్ మీద రాసి కొడుక్కిస్తాడు.
కూతురికి ఆ కాగితమే అందదు.
ఎంత చిక్కటి నారింజ అన్నది తిన్న నాచును బట్టి, రాలిన పండును బట్టి."
కాసేపాగి, "అన్నీ కాదు, కొన్ని" అంది.
కొన్ని అనకుండా ఆ పిల్ల నోరు ఊరుకోదు.

నాకు నవ్వొచ్చింది.
మా నాన్న లెజామా తీగ వంచేవాడు.
కార్నివాల్ రాజు భుజాల మీద
ఇరవై అడుగుల రెక్కలు గాలికి ఆగాయంటే
అవి ఆయన వేళ్లు చెప్పినట్టు విన్నాయనే.
ఆ విద్య ఆన్సెల్మ్‌కి ఇచ్చాడు.
తీగ ఆడచేతికి లొంగదన్నాడు, నాకు సూదీ తళుకులూ ఇచ్చాడు.
ఆన్సెల్మ్ ఇప్పుడు మాక్సీ నడుపుతాడు.
నాన్న పట్టకారుతో సైలెన్సర్ బిగిస్తాడు.

గత నెల షెరీసా
కొన్ని ఆడచేపల నీళ్లలో మగ హార్మోన్ చుక్కలేసింది.
మట్టిరంగు ఒళ్లు, నేను ఎన్నడూ గడిలో ఏమీ రాయని ఒళ్లు.
మూడోవారం పిలిచి చూపించింది.
ఒకదానికి డొక్కలో నారింజ.
ఒకదానికి రెక్క అంచున నలుపు, వాళ్ల తండ్రిదే, అదే చోట.
"ఇవి ఎక్స్ మీదుగా వచ్చినవి,
మొదట్నుంచీ ఉన్నాయి" అంది,
"తెరవమనేవాళ్లు లేక."
నేను పెన్సిల్ చెక్కుకోవడానికి బయటికెళ్లాను.
చాలాసేపు చెక్కాను.

ఆ రాత్రి ఆన్సెల్మ్ బండి డిక్కీలోంచి పట్టకారు తీశాను.
వంటబల్ల మీద అల్యూమినియం తీగ.
బొటనవేలు దానంతటదే ఒక మలుపు దగ్గర ఆగింది,
అక్కడ ఆగాలని నాకెవరూ చెప్పలేదు.
ఒంటిగంటకి ఒక రెక్క నిలబడింది.
నిలబడి ఎడమకి ఒరిగింది.
ఆయనవీ మొదట అలాగే ఒరిగేవి.
ఎవరికీ తెలియదు.
దీపం పట్టుకున్నది నేను.

పొద్దున ఆన్సెల్మ్ ఫోన్,
పట్టకారు కనబడటం లేదట.
ఏటిలో ఉన్నాను, మాట సరిగా వినబడటం లేదన్నాను.
పళ్లెంలో ఒకడు,
వాడి మచ్చకి నా పుస్తకంలో గడి లేదు.