వెనక ఎవ్వలు లేరు

రివర్స్ గేరు ఏసుడే ఆలస్యం,
ఒకటే మొత్తుకుంటదన్నా, అంటది పశువుల డాక్టరమ్మ.
తిరిగి సూస్తె ఎవ్వలుండరు.
గోడ లేదు, గొడ్డు లేదు,
సాగర్ రోడ్డు మీద ఎండ తప్ప.
"దీని వైరు కోసెయ్యి సైదులన్నా,
దామరచర్ల నుంచి ఈడిదాంక పానం తీసింది."

కోసుడు రెండు నిమిషాల పని.
ఉత్తుత్తికి మొత్తుకుంటున్నదని గొంతు కోస్తె
నిజంగ మొత్తుకోవాల్సిన నాడు ఏంజేస్తది?
అనలే నేను. పాత బనీను గుడ్డ తడిపిన.

మిర్యాలగూడల బండికి ముందుగాల పట్టేది ఊక బూడిద.
మిల్లు పొగగొట్టం రాత్రంత ఊదుతది,
తెల్లారేసరికి ఇడ్లీబండి మూత మీద, ఆరేసిన చీరెల మీద,
బంపర్ మీది నాలుగు కండ్ల మీద
సన్నటి పొర.
తుడిసిన. తుడిసినా తగ్గలేదన్నది.

నంబరు ప్లేటు కదిలించిన. గట్టిగనే ఉంది.
వడ్ల లారీ బ్రేకు ఇడిసినప్పటి గాలి
మనకు ఉస్సుమంటది గని
దీనికి చెవుల పక్కన కేకేసినట్టే.
"మిల్లు లైన్ల ఆగినప్పుడేనా, అంతటా ఏడుస్తదా?"
"అంతటా. మా ఇంటి కాడ గూడ."

ఇగ బండి ఆన్ చేయించి, రివర్సుల పెట్టించి,
హ్యాండ్ బ్రేకు గుంజమని
నేలకు వంగిన.
ఒక్కొక్క కన్ను మీద గోరు ఆనిచ్చిన.
బతికున్నది లోపల్నుంచి టిక్కు టిక్కుమంటది,
పిల్ల గుడ్డును పొడిచినట్టు.
మొదటిది పొడిచింది. రెండోది పొడిచింది.
నాలుగోది గూడ.
మూడోది సల్లగ ఉంది.

ఇప్పి సూస్తె పిన్నుకు పచ్చటి చిలుము.
మొన్నటి వాన ఏడనుంచో దిగింది.
గీకిన, తుడిసిన, ఎండకు పెట్టిన,
ఒక చాయ తాగేంత సేపు ఆగిన.
మళ్ల బిగిస్తె
గోరు కింద పిల్ల కదిలింది.

"ఆవు పొట్టకు నేను గూడ గిట్లనే ఆనుకొని ఇంటా,"
డాక్టరమ్మ నవ్వింది. "నీ చెవి మంచిదన్నా."

చెప్పలే.
పదారేండ్లు మిల్లుల మిషిను పక్కన నిలవడ్డోన్ని.
ఎడమ చెవి ఆడనే ఇడిసిపెట్టి వచ్చిన,
కుడిది సగం తెచ్చుకున్న.
మీటరు పట్టుకున్నోల్లు సెంటర్ల శానమంది ఉన్నరు,
నా కాడ ఉన్నది ఈ గోరొక్కటే.

ఆఖర్న జహీరును పిలిచి పక్కకు నిలవెట్టిన.
"రానియ్యి మేడం, రానియ్యి."
బండెనక్కి వస్తుంటె నేను బండిని సూడ,
పోరని మొఖం సూస్త.
అది మొత్తుకుంటె వాని కనుబొమ్మలు లేస్తయి.

లేవలే.
జేబుల చేతులు పెట్టుకొని
మిర్చీబండి దిక్కు సూస్తున్నడు.

"ఇగ బండెనకాల నిలవడురా" అన్న.
మెల్లగ, మెల్లగ,
మూడడుగుల దూరంల
లేసినయి.