రెండు హారన్లు

పదకొండేళ్ళు ఒకే బండి మీద వెళ్ళాం.
పెట్రోలు ఒక వారం నాది, ఒక వారం తవుడిది.
తెల్లారగట్ల అయిదుంపావుకి
వాడి గుమ్మం ముందు రెండుసార్లు హారన్ కొడితే
నోట్లో వేపపుల్లతో, గుండీలు పెట్టుకుంటూ వచ్చి
కేరేజీ నా హేండిల్‌కి తగిలించి ఎక్కీవోడు.
చలికాలం గరివిడి రోడ్డు మీద
నా వీపే వాడికి గోడ.

వాడికి ముందు ముగ్గురు పుట్టి పోయారట.
నాలుగోవాణ్ణి చేటలో వేసి పొరుగింటావిడకిచ్చి
మానెడు తవుడు పోసి మళ్ళీ కొనుక్కున్నారు.
అంత చవకైన పిల్లణ్ణి చావు కన్నెత్తి చూడదని.
"నా రేటు పుట్టినప్పుడే తేలిపోనాదిరా"
అని నవ్వీవోడు, జీతాల రోజు.

సరుకు కదలడం లేదన్నారు.
కరెంటు రేటన్నారు.
ఎక్కడో ఉక్కు ఎవరూ కొనడం లేదన్నారు.
ఆ ఎక్కడో ఎక్కడుందో మాకెవరికీ తెలీదు.
రెండో ఫర్నేసు ఆర్పిన రాత్రి
కుక్కలు తెల్లార్లూ మొరిగాయి,
అంత చీకటి అవెప్పుడూ చూడలేదు.

గేటుకి అంటించిన కాయితంలో నలభై ఆరు పేర్లు.
నాది లేదు.
లేదని తెలిసాక కూడా మళ్ళీ పైనుంచి చదివాను,
వాడి పేరు దగ్గర వేలు ఆగకుండా.
నా భుజం మీంచి చూసి
"నీది నేదురా" అన్నాడు ముందు.
తర్వాత వెతుక్కున్నాడు తనది.

ఆ సోమవారం నుంచి
సందు మొదట్లోనే ఇంజను ఆపేసి
బండి నెట్టుకుంటూ వాడి ఇల్లు దాటుతున్నాను.
దొంగని చూసి అరవాల్సిన కుక్క
నన్నెరుగును కాబట్టి తోకూపుతుంది.
పెట్రోలు ఇప్పుడు ప్రతివారం నాదే.

మా ఇంటిది చెప్పింది,
చీటీ పాటలో మొదటి నెల్లోనే
పన్నెండు మందీ గొంతెత్తారట.
ఎప్పుడూ ఆఖరి చీటీ నాదే అని కూచునే గౌరీశ్వరి,
తవుడి పెళ్ళాం,
మూడువేలు పోగొట్టుకుని పాడుకుందట.
లెక్కపెట్టుకుంటూ మా ఇంటిదాని మొహం చూళ్ళేదట.
చింతపండుకి వాళ్ళ గుంటడు రావడం మానేశాడు.
మేమే గిన్నెలో ఏదైనా పంపితే
మర్నాడు అదే గిన్నెలో మునగాకో, నాలుగు కాకరకాయలో.
ఆ ఇల్లు ఇప్పుడు
ఒక్క ఖాళీ గిన్నె కూడా తిప్పి పంపదు.

ఉపాధి పనికి వెళ్తున్నాడని టీ బడ్డీలో విన్నాను.
కంపెనీ హెల్మెట్ పెట్టుకుని
గెడ్డలో మట్టి మోస్తున్నాడట.
అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.
బల్ల మీద అయిదు గ్లాసులు.
జేబులో చెయ్యి పెట్టింది నేనొక్కణ్ణే.

నిన్న బండి నెట్టుకుంటూ పోతుంటే
గుమ్మంలో నిలబడి ఉన్నాడు.
వేపపుల్ల నోట్లోనే.
ఎన్నాళ్ళ నుంచి చూస్తున్నాడో.
"ఏటిరా, బండి పాడైనాదా?"
ఔనన్నాను.
వంగి సైలెన్సరు దగ్గర చెయ్యి పెట్టాడు.
ఇంకా సెగ కొడుతోంది.
ఏమీ అనలేదు. పుల్ల నమిలి, పక్కకి ఊసి,
"ఓరే, హారన్ కొట్టీ.
గుంటడు ఇస్కూలుకి లెగడం నేదు.
ఆడు పుట్టినకాడ్నించీ
ఈ ఇంటికి గడియారం నువ్వే గదా."

బొటనవేలికి ఆ మీట దొరకలేదు కాసేపు.
కొట్టాను.
రెండుసార్లు.
లోపల మంచం కిర్రుమంది.
గౌరీశ్వరి ఎవర్నో కసిరింది.
తవుడు కేరేజీ లేని చేతిని
హేండిల్ దాకా తెచ్చి
అక్కడ ధూళి ఉన్నట్టు దులిపాడు.

"జీతాలిచ్చినారా?"
"సగం."
"మరింకేటి, ఎల్లు.
టైమైపోతాది."