పదహారు మెట్లు

ఫారంలో ఆరో ప్రశ్న: ఇంతకుముందు కుక్కను పెంచారా?
పెన్ను కాసేపు గాల్లోనే ఆగింది.
"లేదు" అని రాశాను.
అబద్ధం కాదు. నిజమూ కాదు.
పెరట్లో ఏడు వేటకుక్కలు ఉండేవి,
అవి ఎలాదియోవి.
ఎండురొట్టె నానబెట్టి పోసే చెయ్యి మాత్రమే నాది.

ఫిబ్రవరి. కుందేళ్ళ వేట ముగిసే నెల.
లా మంచా మైదానమంతా కత్తిరించిన ద్రాక్షమోళ్ళు,
పిడికిళ్ళు నేలలో పాతినట్టు.
ఈ నెలలోనే మా షెల్టర్ నిండిపోతుందండీ
అంటోంది నెరేయా, బూట్ల నిండా బురదతో,
నాకు తెలియని సంగతి చెబుతున్నట్టు.
తలూపాను.
ప్రతి ఫిబ్రవరికీ ఏడు ఐదయ్యేవి, నాలుగయ్యేవి.
"పరుగు తగ్గింది" అనేవాడు ఆయన, చేతులు కడుక్కుంటూ.
సబ్బు అందించేదాన్ని.
తువ్వాలు కూడా.

నిజానికి చిన్న కుక్క కోసం వచ్చాను.
ఒళ్ళో పట్టేది, నాతో టీవీ చూసేది.
వరసలో అన్నీ కమ్మీల మీదికి దూకి
నన్ను, నన్ను అని మొరుగుతున్నాయి.
చివరి గదిలో ఇది
గోడవైపు తిరిగి నిలబడి ఉంది,
బడిలో దండన పడ్డ పిల్లలా.
పక్కటెముకలు లెక్కపెట్టొచ్చు; పెట్టాను.
మెడ చుట్టూ వెంట్రుక మొలవని గీత ఒకటి.
నెరేయా గొంతు తగ్గించింది, "అది ఎలా వచ్చిందంటే..."
"తెలుసు" అన్నాను.
ఆ పిల్ల నావైపు చూసింది.
నేను గీతవైపు చూశాను.

చీటీ మీద పేరు బ్రిసా. చిరుగాలి అని.
సంతకం పెట్టాను: ఫువెన్సాంతా, డెబ్బై ఒకటి,
భర్త పోయి ఆరేళ్ళు, మొదటి అంతస్తు, లిఫ్టు లేదు.

లిఫ్టు లేదన్న మాట ఇద్దరమూ పట్టించుకోలేదు.
గంటకు అరవై కిలోమీటర్లు పరిగెత్తే కాళ్ళు
మొదటి మెట్టు దగ్గర కర్రల్లా బిగుసుకున్నాయి.
కొట్టంలో పుట్టింది, ట్రెయిలర్లో తిరిగింది,
చాళ్ళ వెంబడి పరిగెత్తింది.
పుట్టి బుద్ధెరిగి మెట్టన్నది చూడలేదు,
దాని లోకమంతా చదును.
ఎత్తుకుందామంటే నా నడుము ఒప్పుకోదు.
సాసేజ్ ముక్క చూపిస్తే కళ్ళు మూసుకుంది.

ఆ రాత్రి పరుపు కిందికి ఈడ్చుకొచ్చి
ఉత్తరాల డబ్బాల పక్కన పడుకున్నాను.
మూడో అంతస్తు బాసిలియో రాత్రి డ్యూటీ దిగి వచ్చి
ఏమీ అడగకుండా మమ్మల్ని దాటుకుని వెళ్ళాడు,
కాసేపటికి దుప్పటి ఒకటి తెచ్చి కప్పాడు.
నాకు కాదు, దానికి.

రెండో రోజు ఒక మెట్టు.
నాలుగో రోజు మూడు, మళ్ళీ వెనక్కి.
నేనూ పక్కనే నాలుగు కాళ్ళ మీద ఎక్కాను,
ఇదిగో చెయ్యి, ఇదిగో మోకాలు, ఇలా తల్లీ అని.
తొమ్మిదో మెట్టు దగ్గర మలుపు,
అక్కడ ఒక మధ్యాహ్నమంతా కూర్చుండిపోయాం.
అక్కడే చెప్పాను దానికి.
ఆయన రంగుల్ని బట్టి పిలిచేవాడు వాటిని,
నేను లోలోపల పెట్టుకున్న పేర్లు వేరే:
సెరేసా, కాందిల్, తొర్దో...
గుర్తున్నంత వరకు, ఒక్కో ఏడాదీ విప్పుకుంటూ,
గుర్తు లేని చోట ఆగి, మళ్ళీ మొదటినుంచి.
క్షమించిందని అనను.
ఒక చెవి ఇటు తిప్పింది, అంతే.

శనివారం పదహారో మెట్టు ఎక్కింది.
ఇల్లంతా వాసన చూసి,
మంచం కింద, పొయ్యి వెనక, నా చెప్పుల్లో ముక్కు పెట్టి,
బాల్కనీ తలుపు దగ్గర వణకడం మొదలెట్టింది.
ఏముందక్కడ? ఒక పూలకుండీ, చీపురు,
గాలికి ఊగుతున్న బట్టల తాడు.

కత్తెర తెచ్చాను.

ఇప్పుడు మా దుప్పట్లు కుర్చీల వీపుల మీద ఆరతాయి.
రెండు రోజులు పడుతుంది, కాస్త ముక్కవాసన వేస్తాయి.
వెయ్యనీ.
సోఫా మొత్తం తనే పరుచుకుంటుంది పొడుగ్గా,
నేను అంచున సర్దుకుని
తడి ఇంకా పూర్తిగా ఆరని బట్టలు మడతపెడుతుంటాను.