మూడు దెబ్బలు

కొత్తవాడల మా రెండిండ్ల నడుమ గోడ ఒక్కటే.
అటుపక్క ఎలిగేటి ఓదేలు మగ్గం,
ఇటుపక్క నా మంచం.

పొద్దంత జంపఖానా నేసుడు,
దీపం పెట్టినంక ఫిడేలు.
పాటనా అంటే పాట గాదు,
సినిమాది గాదు, భజన గాదు.
ఒక ముక్క అందుకుంటడు, ఇడిసిపెడతడు,
మళ్ల అదే ముక్కను ఇంకో దిక్కుకెల్లి తోలుకొస్తడు
తప్పిపోయిన మేకపిల్లను తెచ్చినట్టు.

నాకు ఆజంజాహి మిల్లుల మొదటి షిఫ్టు.
తెల్లారక ముందే సైరను.
నిద్రంటే నాకు కూలి లెక్క,
కోత పడితే ఓర్సుకోను.
గోడ మీద గుద్దేటోన్ని.
రెండు గబగబ, కొంచెం ఆగి ఒకటి గట్టిగ.
ఫిడేలు ఆగేది.
జరసేపటికి మెల్లగ, దొంగలెక్క, మళ్ల మొదలయ్యేది.

మిల్లు మూతబడ్డది.
సైరను పోయింది, లేసి పోవాల్సిన తావు పోయింది,
నా చెయ్యి మాత్రం అలవాటు ఇడువలేదు.

ఖాజీపేట రైల్వే ఇన్‌స్టిట్యూట్‌ల నేర్సుకున్నడట
ఒక ఇంజను డ్రైవరు దొర దగ్గర.
ఆదివారానికొక పాఠం,
పది పాఠాలకొక జంపఖానా.
దొర ఊరిడిసి పోంగ ఇచ్చిపోయిన ఫిడేలట అది.
ఇదంత నాకు మొన్న మొన్ననే తెలిసింది.
గోడ పక్కన ఉన్నోనికి
గోడ తప్ప ఏం తెలుస్తది?

రాసుడు గూడ ఇచ్చంత్రమే.
జంపఖానా డిజైన్లు గీసే గళ్లకాయితం,
అడ్డం కాలం, నిలువు శ్రుతి,
నాలుగు వాయిద్యాలకు నాలుగు రంగులు.
సొసైటీ మేనేజరు అవి డిజైన్లే అనుకున్నడు.
ఒకదాన్ని నేయించిండు గూడ.
ఎవలూ కొనలేదు.

పాత డిజైన్లు ఎతుక్కుంట వచ్చింది ఒక పిల్ల,
నవనీత, జమ్మికుంట దిక్కు.
ఆ కాయితం చేతుల పట్టుకొని
నీలం గీత మీద ఏలు జరుపుకుంట
సన్నగ కూనిరాగం తీసింది.
"తాతా, ఇది నేసేది గాదు" అన్నది.
ఓదేలు కండెలు సుట్టుడు ఆపిండు.
డెబ్బై ఎనిమిదేండ్లు ఆయనకప్పుడు.

సంఘం భవనం మీది అంతస్తుల
నలభై కుర్చీలేసిన్రు.
నలభై ఎక్కువేమో అన్న నేను.
మెట్ల మీదిదాక మనుషులు,
అద్దకం రంగు పోని చేతులు,
సంకల పిల్లలు, కాలేజీ పోరగాండ్లు.
రెండు ఫిడేళ్లు, జర పెద్దదొకటి,
మోకాళ్ల నడుమ పెట్టుకునే తల్లి ఫిడేలొకటి.
ఓదేలు వాయించేటోళ్ల దిక్కు సూడలేదు.
తల వంచి వింటున్నడు,
జంపఖానా తిరగేసి ముడులు సూసినట్టు.

మూడో భాగంల, మంచిగ నడుస్తుండంగ,
నలుగురూ ఒక్కసారే ఆగిన్రు.
నవనీత కమాను పక్కకు పెట్టి
తల్లి ఫిడేలు కట్టె మీద ఏలిముడుసుతోని కొట్టింది.
రెండు గబగబ.
ఆగింది.
ఒకటి.

నా నోరు తడారింది.
ఫిడేలొకటి మెల్లగ, దొంగలెక్క, మళ్ల మొదలయింది.

అప్పుడు యాదికొచ్చింది,
ఒకపారి జరమొచ్చి ఎంజీఎంల వారం పడున్న.
ఇంటికొచ్చిన పొద్దు ఓదేలు వాకిట్ల నిలబడి
"కొడతలేవేంది?" అన్నడు.
ఎక్కిరిస్తున్నడనుకొని తలుపేసుకున్న.

చప్పట్లు ఆగినంక మంది ఆయన చుట్టు మూగిన్రు.
ఎవలో శాలువా కప్పుతుంటె
సందుల నన్ను సూసి సైగ చేసిండు.
పోయిన. ఏమనాల్నో తోచక
"అంత గట్టిగ కొడుతుంటినా?" అన్న.
"ఇంకా గట్టిగ" అన్నడు.
"ఆ పిల్ల మెత్తగ కొట్టింది.
రేపు పొద్దుగాల రా, ఆమెకు సూపియ్యి."

ఆటోల కూసున్నంక
పిడికిలి దిక్కు సూసుకున్న.
ఏలిముడుసుల మీద తోలు
కాయగాసి ఉన్నది.